భర్మార్ ట్రిగ్గర్: సరిచేయించాలా, మార్పించాలా, అలాగే ఉంచాలా?

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి, రాజురా, కిన్వట్ వైపు పంట కాపలా కోసం లైసెన్సు మీద భర్మార్ పెట్టుకున్న తెలుగు ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మందు, గుడ్డ, గుళ్లు మూతి నుంచి కూరి, నిపిల్ (గొట్టం వెనక కొసన ఉండే చిన్న బోలు మొన) మీద టోపీ (దెబ్బ తగిలితే నిప్పు రేపే చిన్న మూత) పెట్టి పేల్చే ఒంటి గొట్టం తుపాకీ. చాలావరకు తండ్రి హయాంలోనో తాత హయాంలోనో కొన్నవే. వీటి గురించి వినిపించే ఫిర్యాదులు రెండే రకాలు. ట్రిగ్గర్ మొండికేసింది, రెండు వేళ్లతో లాగితే గానీ పడటం లేదు, లాగేసరికి గురి పక్కకి పోతోంది అని కొందరు. ట్రిగ్గర్ మరీ తేలికైపోయింది, హ్యామర్ (టోపీని కొట్టే సుత్తి) ఎక్కించి కాస్త కదిలిస్తే చాలు పడిపోతోంది అని ఇంకొందరు. మొదటిది ఇబ్బంది. రెండోది ప్రాణం మీదకి తెచ్చేది. విచిత్రం ఏమిటంటే రెండింటికీ ఊళ్లో చెప్పే మందు ఒక్కటే: ‘ఆకురాయి పట్టడం తెలిసినోడికి ఇవ్వు, రెండు గీతలు గీకితే సరిపోద్ది.’

ఆ రెండు గీతలతోనే మంచి తుపాకీలు పాడవుతాయి. పైగా లైసెన్సు లేనివాడి చేత తుపాకీ రిపేరు చేయించడం చట్టం దృష్టిలో చిన్న విషయం కాదు. ఆ సంగతి తరవాత చెప్తాను. ముందు మన ముందున్న దారులు ఏమిటి, ఏది ఎవరికి పనికొస్తుంది అన్నది చూద్దాం.

లోపం ఎక్కడుందో తేలాకే ఎంపిక

ట్రిగ్గర్ ఒక చిన్న మీట, అంతే. వేలికి తగిలే బరువులో ఎక్కువ భాగం దానిది కాదు, కర్ర (తుపాకీ చెక్క భాగం) పక్కన బిగించిన లాక్‌ది, అంటే హ్యామర్‌ని పట్టి వదిలే యంత్రానిది. హ్యామర్ ఇరుసుకి లోపలివైపు టంబ్లర్ అనే ముక్క ఉంటుంది. దాని అంచున రెండు గాట్లు. హ్యామర్ సగం ఎత్తితే ఒక గాటు, పూర్తిగా ఎత్తితే ఇంకో గాటు. సియర్ అనే కొక్కెం ముక్కు ఆ గాట్లలో కూర్చుంటుంది. దాని తోక ట్రిగ్గర్ మీదుగా అడ్డంగా వస్తుంది. ట్రిగ్గర్ లాగితే తోక పైకి లేస్తుంది, ముక్కు గాటులోంచి జారుతుంది, పెద్ద స్ప్రింగు హ్యామర్‌ని తీసుకెళ్లి టోపీ మీద కొడుతుంది.

కాబట్టి ట్రిగ్గర్ బరువుగా ఉందంటే కారణాలు చాలా ఉండొచ్చు. గాటు మరీ లోతుగా ఉండొచ్చు. గాటులో తుప్పు, ఎండిపోయిన నూనె, కాలిన మందు మసి పేరుకుని ముక్కు జారనివ్వకపోవచ్చు. సియర్ స్ప్రింగు అవసరానికి మించి గట్టిది కావచ్చు. లేదా ట్రిగ్గర్ పిన్ను పెట్టిన చోటే సరైనది కాకపోవచ్చు. ఆ పిన్నుకీ సియర్ తోకకీ మధ్య దూరం ఎంత తక్కువైతే వేలికి అంత తేలిక. పాతకాలపు మంచి రైఫిళ్లలో పిన్నుని కర్రలో వీలైనంత పైకి పెట్టేవాళ్లు, చవగ్గా చేసిన తుపాకీల్లో కింద పట్టీకే బిగించి వదిలేసేవాళ్లు. రెండు తుపాకీల లాక్ ఒకటే అయినా ట్రిగ్గర్ బరువులో తేడా ఇక్కడే వస్తుంది.

దీన్ని ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. మొదట తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకోవాలి. భర్మార్‌కి తెరిచి చూసే వీలుండదు కాబట్టి చాలామంది ‘ఖాళీయే’ అని నోటితో అనేసి ఊరుకుంటారు. అలా కుదరదు. ఖాళీ గొట్టంలో కూరే కడ్డీ ఎంత లోతుకి దిగుతుందో కడ్డీ మీద ఒక గీత పెట్టుకుని ఉంచండి. ఎప్పుడు చూసినా కడ్డీ ఆ గీత దాకా దిగాలి. దిగకపోతే లోపల మందు ఉన్నట్టే. నిపిల్ మీద టోపీ ఉండకూడదు. హ్యామర్ పడే పరీక్షలు చేసేటప్పుడు నిపిల్ మీద కుళాయి వాషరో తోలు ముక్కో పెట్టుకుంటే నిపిల్ అంచు చదునవకుండా ఉంటుంది.

తరవాత లాక్‌ని పట్టి ఉంచే స్క్రూని పావు తిప్పు వదులు చేసి ట్రిగ్గర్ లాగి చూడండి. ఒక్కసారిగా తేలికైతే లాక్‌లో లోపం లేదు, స్క్రూ మరీ బిగించడం వల్ల లోపలి ముక్కలు నొక్కుకుపోతున్నాయి. తేడా లేకపోతే లాక్‌ని కర్రలోంచి బయటికి తీసి, పెద్ద స్ప్రింగు ఎగిరి వేళ్లకి తగలకుండా జాగ్రత్తపడుతూ, హ్యామర్‌ని ఎక్కించి సియర్ తోకని బొటనవేలితో నొక్కి చూడాలి. బయట మెత్తగా, శుభ్రంగా పడుతూ కర్రలో పెట్టాక మొండికేస్తే తప్పు ట్రిగ్గర్ వైపో కర్రలోనో ఉంది. బయట కూడా మొండిగానే ఉంటే తప్పు లాక్‌లోనే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఖర్చు మిగులుతుంది. ట్రిగ్గర్ మార్చమని అడిగి డబ్బు పోశాక బరువు ఎక్కడిదక్కడే ఉండటం చాలామందికి జరిగేదే.

కర్ర గురించి ఒక మాట. మన ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, జులైకల్లా ప్రాణహిత నిండుగా పారుతూ ఇంట్లో అన్నీ చెమ్మెక్కుతాయి. కర్ర ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు సియర్ తోక కర్ర అంచుకి రాసుకుంటుంది. కొన్నిసార్లు ట్రిగ్గరే సియర్ తోకకి ఎప్పుడూ ఆనుకుని ఉండిపోతుంది. అప్పుడు సియర్ ముక్కు గాటులో పూర్తిగా కూర్చోదు, అంచున నిలబడుతుంది. ఆగస్టులో ‘ముట్టుకుంటే పడిపోతోంది’ అనే తుపాకీ ఏప్రిల్‌లో మామూలుగా ఉండటానికి కారణం ఇదే. ట్రిగ్గర్‌కీ సియర్ తోకకీ మధ్య కాస్తంత ఖాళీ ఉండి తీరాలి. ట్రిగ్గర్ కొంచెం లొడలొడలాడుతోందని కొందరికి చిరాకు. ఆ లొడలొడ ఉండాల్సిందే.

మొదటి దారి: శుభ్రం చేసి అలాగే ఉంచడం

ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. లాక్ విప్పి, పాత నూనె జిగురు కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, సియర్ ముక్కు దగ్గర, టంబ్లర్ ఇరుసు దగ్గర సన్నటి నూనె ఒక్కో చుక్క. వంటనూనె, కొబ్బరినూనె వద్దు, అవి ఎండి మళ్లీ జిగురవుతాయి. తుపాకీమందు మసి చెమ్మని లాగేసుకుంటుంది కాబట్టి గొట్టం కడిగినప్పుడే లాక్ వైపూ ఒకసారి చూడాలి.

ఎన్నికలప్పుడు తుపాకీలు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు కదా. వారాల తరబడి అక్కడే ఉండి వచ్చిన తుపాకీకి ట్రిగ్గర్ బరువెక్కిందంటే కారణం తుప్పే. ఇచ్చే ముందు నూనె పట్టించి, తెచ్చుకోగానే విప్పి తుడవడం ట్రిగ్గర్ మార్పించడం కన్నా మంచి ఖర్చు, అసలు ఖర్చే లేదు.

శుభ్రం చేశాక బరువు కొలిచి చూసుకోండి. చేపల అంగడిలో వేలాడదీసే స్ప్రింగు కాటా చాలు. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్‌కి దారం కట్టి, కాటా కొక్కేనికి తగిలించి, తిన్నగా వెనక్కి లాగుతూ హ్యామర్ పడిన క్షణంలో ఎంత చూపిస్తుందో చదవాలి. నాలుగైదు సార్లు చూసి ఇంచుమించు ఒకేలా వస్తుందా అన్నది గమనించాలి. ఒకసారి రెండు కిలోలు, ఇంకోసారి మూడున్నర వచ్చిందంటే గాటులోనో కర్రలోనో ఏదో పట్టేస్తోంది. మీ నిర్ణయానికి సగటు కన్నా ఈ తేడానే ఎక్కువ పనికొస్తుంది.

ఎంత ఉండాలి? అమెరికాలో వేటాడేవాళ్లు రైఫిల్‌కి మూడు నాలుగు పౌండ్లు, అంటే సుమారు 1.4 నుంచి 1.8 కిలోలు బాగుంటుందంటారు. పాత ఇంగ్లిష్ షాట్‌గన్ పనివాళ్ల లెక్క ట్రిగ్గర్ బరువు తుపాకీ బరువులో సగం దగ్గర ఉండాలని. మూడున్నర కిలోల భర్మార్‌కి అది పావు తక్కువ రెండు కిలోలు. నా మటుకు నేను చేను కాపలా తుపాకీకి రెండు కిలోలు, రెండున్నర వరకు కూడా తప్పు పట్టను. జొన్న చేలో, మిరప తోటలో అర్ధరాత్రి మంచె దిగుతున్నప్పుడు చేతులు చలికి మొద్దుబారి ఉంటాయి, కుక్క కాళ్లలో తిరుగుతుంటుంది, పక్క చేను కాపలాదారు బీడీ వెలిగించుకుంటూ ఎటు నుంచి వస్తాడో తెలియదు. అప్పుడు తేలిక ట్రిగ్గర్ మీకు చేసే మేలు ఏమీ లేదు. నున్నటి గొట్టంలోంచి గుళ్లు చిమ్మే తుపాకీకి వంద గజాల అవతల కచ్చితంగా తగలడం అనే పనే లేదు. అందులోనూ చాలాసార్లు మనం పేల్చేది పందుల్ని బెదరగొట్టడానికే, గుళ్లు లేకుండా మందు చప్పుడే.

రెండో దారి: లాక్‌ని పనివాడి చేత సరిచేయించడం

శుభ్రం చేసినా బరువు పోకపోతే, గాటు గరుకుగా ఉందని తెలిస్తే, లైసెన్సు ఉన్న తుపాకీ పనివాడి దగ్గరికి వెళ్లాలి. మంచి పనివాడు గాటు ఆకారం మార్చడు. గాటు, ముక్కు కలిసే చోటు నునుపు చేస్తాడు, సియర్ స్ప్రింగు బలం చూస్తాడు, కర్రలో రాసుకునే చోట సర్దుతాడు, అవసరమైతే ట్రిగ్గర్ పిన్ను చోటు మారుస్తాడు. ఈ చివరి పని కర్ర మీద పని తెలిసినవాడు చేస్తే ఇనుము ముట్టకుండానే బరువు దిగుతుంది. అయినా మన దగ్గర ఎవరూ దీని గురించి అడగరు.

ఆకురాయితో ప్రమాదం ఎక్కడంటే, సియర్ ముక్కు, టంబ్లర్ గాటు పైన పలచగా గట్టి పొర ఉంటుంది. మెత్తటి ఇనుముని బొగ్గుపొడిలో కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచి తెచ్చిన గట్టిదనం అది. గీకితే ఆ పొర పోతుంది. కింద ఉన్న మెత్తటి ఇనుము మొదటి నెల చక్కగా జారుతుంది, యజమాని సంతోషిస్తాడు. తరవాత రోజురోజుకీ అరిగి ట్రిగ్గర్ తేలికవుతూ పోతుంది. ఒకరోజు హ్యామర్ ఎక్కించి బొటనవేలు తీయగానే పడిపోతుంది. గాటు వాలు తప్పితే ఇంకా అన్యాయం, స్ప్రింగే ముక్కుని గాటులోంచి బయటికి తోసేస్తుంది. అందుకే ‘తేలిక చెయ్యి’ అని పనివాడిని అడగకండి. ‘ఒకేలా, శుభ్రంగా పడేలా చెయ్యి, బరువు రెండు కిలోలకి తక్కువ వద్దు’ అని అడగండి.

పెద్ద స్ప్రింగుని బలహీనపరిచి ట్రిగ్గర్ తేలిక చేసే చిట్కా కూడా ఒకటుంది. అది నాకు అస్సలు నచ్చదు. హ్యామర్ దెబ్బలో బలం తగ్గితే టోపీ ఒకసారి పేలుతుంది, ఒకసారి పేలదు, ఇంకోసారి ఆలస్యంగా పేలుతుంది. ఆలస్యంగా పేలే తుపాకీ కన్నా బరువు ట్రిగ్గర్ నయం.

మూడో దారి: ముక్కలు మార్చడం, మొత్తం లాక్ మార్చడం

సగం ఎత్తిన గాటు అంచు విరిగిందనుకోండి, లేదా ఎవరో ఇదివరకే గీకేశారనుకోండి. అప్పుడు నునుపు చేయడం కాదు, టంబ్లర్, సియర్ రెండూ జతగా మార్చడమే దారి. ఒకటి మార్చి ఇంకోటి పాతది ఉంచితే కొత్త ముక్కుకి పాత గాటు కుదరదు.

ఇక్కడ మనకి ఒక కష్టం ఉంది. మన చేతుల్లో ఉన్న భర్మార్లు చాలావరకు బీహార్‌లోని ముంగేర్ లాంటి చోట్ల చేతిపనితో తయారైనవి. ఒకే దుకాణంలో ఒకే ఏడాది చేసిన రెండు తుపాకీల టంబ్లర్లు కూడా ఒకదాంట్లో ఒకటి దిగవు. ముక్కని విడిగా కొని తెచ్చుకుని బిగించే పద్ధతి లేదు, పనివాడు కొలత చూసి చేయాలి. చేసే ఖర్చు తుపాకీ విలువకి దగ్గరగా వచ్చిందంటే నా ఓటు రిటైర్ చేయడానికే.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ థాంప్సన్ సెంటర్ కంపెనీ 1970లో తెచ్చిన హాకెన్ రైఫిల్ లాంటివి కర్మాగారంలో లెక్కకి తయారయ్యాయి. వాటికి సరిపడే లాక్‌ని ఎల్ అండ్ ఆర్ అనే కంపెనీ మొత్తంగా అమ్ముతుంది. పాతది విప్పి కొత్తది పెట్టుకోవడమే, కర్రలో కొద్దిగా సర్దుబాటు ఉంటుంది. డేవిస్ కంపెనీ ట్రిగ్గర్ జతలు విడిగా అమ్ముతుంది. యూట్యూబ్‌లో ఇవి చూసి ‘మనమూ తెప్పించుకుందాం’ అనిపిస్తుంది. ఎందుకు కుదరదో చట్టం దగ్గర చెప్తాను.

నాలుగో దారి: సెట్ ట్రిగ్గర్

రెండు ట్రిగ్గర్లు ఉండి గొట్టం మాత్రం ఒకటే ఉన్న తుపాకీ బొమ్మలు చూసే ఉంటారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు చేసిన కొండ రైఫిళ్లకి ఇలాంటివి ఉండేవి. వెనక ట్రిగ్గర్ లాగితే లోపల ఒక చిన్న స్ప్రింగు మీట ఎలుకల బోను ఎక్కించినట్టు ఎక్కి కూర్చుంటుంది. తరవాత ముందు ట్రిగ్గర్‌ని ముట్టుకుంటే చాలు, ఆ మీట ఎగిరి సియర్ తోకని కొడుతుంది. ముందు ట్రిగ్గర్ బరువు అర కిలో కన్నా తక్కువకి తేవచ్చు. రెండు ట్రిగ్గర్ల మధ్య ఉండే చిన్న స్క్రూ పని అదే.

ఇందులో రెండు రకాలు. ఒకదాంట్లో వెనకది ఎక్కించకుండా కూడా ముందు ట్రిగ్గర్‌తో మామూలు బరువుతో పేల్చొచ్చు. ఇంకోదాంట్లో ఎక్కించకపోతే తుపాకీ పేలదు. వేటకి కొనేవాళ్లు మొదటి రకమే తీసుకోవాలి. జంతువు దగ్గరగా లేచినప్పుడు ఎక్కించే తీరిక ఉండదు.

సెట్ ట్రిగ్గర్ పెట్టాలంటే ట్రిగ్గర్ ఒక్కటే మారిస్తే సరిపోదు. మామూలు ట్రిగ్గర్ అయితే హ్యామర్ కిందికి వచ్చేటప్పుడు మన వేలు సియర్‌ని పైకి ఎత్తే పట్టుకుంటుంది. సెట్ ట్రిగ్గర్ ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది. సియర్ ముక్కు మళ్లీ కిందికి దిగి, హ్యామర్ దారిలో సగం గాటులో పడుతుంది. దాన్ని తప్పించడానికి టంబ్లర్‌లో ఫ్లై అనే చిన్న రేకు ముక్క ఉండాలి. అది సగం గాటుని ఆ క్షణానికి కప్పేస్తుంది. మన భర్మార్ లాక్‌లో ఫ్లై సాధారణంగా ఉండదు. లేకుండా సెట్ ట్రిగ్గర్ పెడితే హ్యామర్ మధ్యలో తగులుకోవడం, సియర్ ముక్కు విరగడం ఖాయం.

లోపల మెలి గీతలున్న రైఫిల్ గొట్టంలో ఒక్క గుండు పెట్టి, ఆన్చి, దూరపు గురి కొట్టేవాడికి సెట్ ట్రిగ్గర్ నిజంగా గొప్ప వస్తువు. అక్కడ పోటీల్లో కొట్టేవాళ్లు దాన్ని వదులుకోరు. పంట కాపలాకి దాని అవసరం నాకు ఒక్కటీ కనబడదు. ఎక్కించాక మనసు మార్చుకుంటే దింపడం కూడా ఒక పరీక్షే. హ్యామర్‌ని బొటనవేలితో గట్టిగా పట్టి, ముందు టోపీ తీసేసి, ఆ తరవాతే ట్రిగ్గర్ వైపు వేలు పోవాలి. చీకట్లో, నిద్రమత్తులో ఈ వరస గుర్తుండదు.

ఇన్‌లైన్ రైఫిళ్ల సంగతి

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు మూతి నుంచి మందు కూరే రైఫిళ్లకి ప్రత్యేకంగా ఇచ్చే జింక వేట సీజన్‌కి లైసెన్సు తీసుకుంటున్నారు. వాళ్ల చేతిలో ఉండేది పక్క హ్యామర్ తుపాకీ కాదు, టోపీ గొట్టానికి తిన్నగా వెనకే ఉండే ఇన్‌లైన్ అనే రకం. 1985లో టోనీ నైట్ తెచ్చిన ఎంకే-85 తరవాత ఇవే ఎక్కువయ్యాయి. వీటికి ట్రిగ్గర్ ఒక పెట్టెలాగా విడిగా వస్తుంది, మార్చుకోవడం సులువు. రెమింగ్టన్ 1996లో తెచ్చిన 700 ఎంఎల్ అదే కంపెనీ మామూలు రైఫిల్ ఆధారంగా చేసింది కాబట్టి దానికి బయటి కంపెనీల ట్రిగ్గర్లు దొరుకుతాయి. విరిచి తెరిచే రకాలకి, చవక మోడళ్లకి అలా ఉండదు. కంపెనీ ఇచ్చిన ట్రిగ్గరే, సర్దుబాటు స్క్రూ కూడా ఉండకపోవచ్చు. కాబట్టి అక్కడ కొనేవాళ్లు ట్రిగ్గర్ గురించి పట్టించుకునేవాళ్లైతే కొనేముందే అడగాలి.

సర్దుబాటు స్క్రూలు ఉన్నవాళ్లకి ఒక్క హెచ్చరిక. 2014లో రెమింగ్టన్ తన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లు ఉన్న మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లని వెనక్కి పిలిచింది. బిగింపులో వాడిన జిగురు ఎక్కువ కావడం వల్ల కొన్ని తమంతట తామే పేలే అవకాశం ఉందని కారణం. కర్మాగారంలోనే అంత చిన్న విషయం అంత పెద్దదైంది. ఇంట్లో బల్ల మీద స్క్రూ తిప్పేవాళ్లు కంపెనీ పుస్తకంలో రాసిన హద్దు దాటకూడదు, తిప్పాక పరీక్షించకుండా మందు కూరకూడదు.

చట్టం

ఆయుధాల చట్టం 1959లో పంట కాపలాకి మూతి నుంచి కూరే తుపాకీ కోసం లైసెన్సు అడిగే పౌరుడికి సెక్షన్ 13లో ప్రత్యేకంగా చోటిచ్చారు. అదే చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ తయారీ, అమ్మకం మాత్రమే కాదు, రిపేరు వ్యాపారం చేయడానికీ లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా చేసినవాడికి 2019 సవరణ తరవాత శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఊళ్లో కమ్మరికి ట్రిగ్గర్ పని ఇస్తే ఆయన్ని ఎంతటి ఇబ్బందిలోకి నెడుతున్నామో ఆలోచించాలి. హక్కు లేని మనిషి చేతికి తుపాకీ అప్పగించడం మనకీ నేరమే.

ఈ చట్టంలో ఆయుధం అంటే దాని విడి భాగాలు కూడా కలిసే ఉంటాయి. విదేశం నుంచి ఆయుధం తేవడానికి లైసెన్సు కావాలి. అందువల్ల అమెరికా నుంచి వచ్చే బావమరిదిని ‘చిన్న ముక్కే కదా, బ్యాగ్‌లో వేసుకురా’ అని అడగొద్దు. ఎయిర్‌పోర్టులో ఆయన పడే టెన్షన్‌కి ట్రిగ్గర్ మీద తగ్గే అర కిలో సరిపోదు.

సిరొంచ వాళ్లకి ఇంకో చిక్కు. వంతెన దాటితే కాళేశ్వరం, తెలంగాణ. మంచిర్యాలో కరీంనగరో మనకి జిల్లా కేంద్రం గడ్చిరోలి కన్నా దగ్గర అనిపిస్తుంది. కానీ లైసెన్సు పుస్తకంలో అది చెల్లే ప్రాంతం ఏమిటని రాసి ఉందో చూసుకోకుండా తుపాకీ పట్టుకుని వంతెన ఎక్కకూడదు. జిల్లా వరకే, రాష్ట్రం వరకే అని ఉంటే కలెక్టరాఫీసులో రాతపూర్వకంగా అడిగి వెళ్లాలి. తండ్రి పేరు మీద ఉన్న లైసెన్సుతో కొడుకు రిపేరుకి తుపాకీ తీసుకెళ్లాలంటే తండ్రి వెంట ఉండాలి, లేదా ఆయన రాసిచ్చిన అనుమతి ఉండాలి, తండ్రి పోయాక అయితే అదీ కుదరదు.

అడవి పందిని కొట్టే హక్కు తుపాకీ లైసెన్సుతో రాదు. అది వన్యప్రాణి రక్షణ చట్టం 1972 కింద అటవీ శాఖ ఇచ్చే అనుమతితో వస్తుంది. చప్రాళా లాంటి అభయారణ్యంలోకైతే ముందస్తు రాత అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అడుగు పెట్టకూడదు.

తుపాకీనే మార్చడం, లేదా తుపాకీ వద్దనుకోవడం

గొట్టం లోపల తుప్పు గుంతలు పడి, నిపిల్ మర వదులై, కర్ర పగిలి, దాని మీద ట్రిగ్గర్ కూడా చెడిందంటే ట్రిగ్గర్ మీద డబ్బు పెట్టొద్దు. భర్మార్ పంట కాపలాకి చాలదని అధికారి నమ్మితే తోటా (కార్ట్రిడ్జ్) వేసే నున్నటి గొట్టం తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి సెక్షన్ 13లోనే వీలుంది. తెరిస్తే లోపల తోటా ఉందో లేదో కంటికి కనబడుతుంది, ఆ ఒక్క కారణానికే దాన్ని నేను మెరుగంటాను. ఒకరి పేరు మీద రెండుకి మించి తుపాకీలు ఉండకూడదన్నది 2019 నుంచి నియమం.

పందుల బెడద ఒక్కటే సమస్య అయితే సోలార్ కంచె లెక్క కూడా వేసుకోండి. ఆగి ఆగి చిన్న షాక్ ఇచ్చే యంత్రంతో కట్టిన కంచె పందిని తరుముతుంది, చంపదు. కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగ లాగేవాళ్లు మాత్రం మనిషిని చంపుతారు, జైలుకి పోతారు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. నాలుగెకరాల మిరప, పత్తి ఉన్నవాళ్లకి పొరుగు రైతులతో కలిసి కంచె వేసుకోవడం, రాత్రంతా మంచె మీద భర్మార్‌తో కూర్చోవడం కన్నా లాభం. విడివిడి చెలకల్లో, అడవి అంచున ఎకరం రెండెకరాలు ఉన్నవాడికి కంచె ఖర్చు గిట్టదు, ఆయనకి తుపాకీ చప్పుడే దిక్కు.

పనివాడి దగ్గర నుంచి తెచ్చుకునేటప్పుడు

రిపేరు చేయించినా, లాక్ మార్పించినా, డబ్బు ఇచ్చే ముందు ఆయన ఎదుటే చూసుకోవాల్సినవి ఉన్నాయి. కడ్డీ దింపి ఖాళీ అని ఇద్దరూ చూడాలి. హ్యామర్ పూర్తిగా ఎక్కించి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచి, హ్యామర్ వీపు మీద బొటనవేలితో ముందుకి గట్టిగా నెట్టండి. పడకూడదు. అలాగే ఎక్కించి ఉంచి, నేల మీద గోనె సంచి వేసి తుపాకీ మడమని దాని మీద తట్టండి, పక్క నుంచి కర్రని అరచేత్తో చరవండి. అప్పుడూ పడకూడదు. సగం గాటులో పెట్టి ట్రిగ్గర్‌ని గట్టిగా లాగండి, కదలకూడదు. పూర్తిగా ఎక్కించిన హ్యామర్‌ని బొటనవేలితో పట్టి నెమ్మదిగా దింపుతూ, మధ్యలో ట్రిగ్గర్ వదిలేస్తే సగం గాటులో టక్కుమని ఆగాలి. ఇవన్నీ ఒకసారి కాదు, చాలాసార్లు వరసగా చేయాలి, ఒక్కసారి తప్పినా తుపాకీ అక్కడే వదిలేసి రావాలి. తరవాత కాటాతో బరువు చూసి, ఆ అంకె రసీదు మీద రాయించుకోండి. వానాకాలం నడిమధ్యలో అదే కాటాతో మళ్లీ కొలవండి. పావు కిలో అటూ ఇటూ అయితే కర్ర ఉబ్బింది. సగానికి పడిపోతే టోపీ పెట్టకుండా తుపాకీని పనివాడి దగ్గరికి తిరిగి పంపండి.